చేయి మారిన నాణెము

ప్రాచీన వస్తువులన్నిటిలో నాణెమునకు ఒక ప్రత్యేకత కలదు. శాసనము చెక్కిన చోటనే నిలిచియుండును. కోట, మసీదు, దేవాలయము కట్టిన చోటు విడిచి కదలవు. తాళపత్ర గ్రంథము ఒక ఇంటి అటక మీద తరతరములు పడియుండును. నాణెము మాత్రము పుట్టుకతోనే ప్రయాణి. చేయి మారుటకే అది పుట్టినది. టంకశాలలో అచ్చు పడిన నాటి నుండి మూసలో కరుగు నాటి వరకు అది ఒకరి మూటలో నుండి మరొకరి మూటలోనికి పోవుచునే ఉండును.

చెలామణి నుండి తొలగి సేకరించువారి పెట్టెలో చేరిన తరువాత కూడ ఈ ప్రయాణము ఆగదు. సేకరించినవారు కూడ ఏదో ఒకనాడు అమ్ముదురు. ఇంటిలో పెండ్లి రావచ్చును, పిల్లల చదువు రావచ్చును, వైద్యమునకు డబ్బు కావలసి రావచ్చును. తండ్రి మక్కువతో కూర్చినది కుమారునకు రుచింపకపోవచ్చును. నాణెములు వర్తకుని బల్ల మీదికి చేరును. డబ్బు చేతికి వచ్చును. అంతటితో బేరము ముగియును గాని, అమ్మినవారి మనసులో ఒక ప్రశ్న మిగిలిపోవును: “అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదో!” బియ్యము అమ్మినవాడు ఆ బియ్యమును ఎవరు వండుకొన్నారో అని ఆలోచింపడు. నాణెము అమ్మినవాడు ఆలోచించును. ఈ కుతూహలము ఎందుకు కలుగును? దానికి సమాధానము దొరకునా? దొరకనిచో నష్టమేమి? ఈ మూడు ప్రశ్నలను మనము ఇచ్చట పరిశీలింపదలచినాము.

అంగడి నుండి మూడు దారులు

వర్తకుని చేతికి చేరిన నాణెమునకు ముందు మూడు దారులున్నవి. మొదటిది మూస. నాణెము మీద ఉన్న చరిత్ర కంటె నాణెములో ఉన్న లోహమునకే ధర ఎక్కువ పలుకునపుడు అది కరిగిపోవును. మన హైదరాబాదు సంస్థానపు వెండి రూపాయినే ఉదాహరణగా తీసికొందము. దాని బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెయ్యింట 818 వంతులు వెండి. అనగా ఒక్కొక్క రూపాయిలో తొమ్మిది గ్రాములకు మించి స్వచ్ఛమైన వెండి ఉన్నది. 1950లో భారత రూపాయి సంస్థానములో ప్రవేశించినపుడు ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు అను మారకము ఏర్పడినది. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా రద్దయినది. చెల్లని రూపాయికి మిగిలిన విలువ వెండి విలువయే. వెండి ధర పెరిగిన ప్రతిసారి ఇండ్లలో దాచిన రూపాయలు తూకమునకు బయలుదేరును. ఆ దారిన పోయినవి తిరిగి రావు.

రెండవ దారి మరొక వర్తకుని అంగడి. చిన్న ఊరి వర్తకుడు సామాన్యమైన వాటిని గంపగుత్తగా నగరపు వర్తకునకు అమ్మును. అతడు వాటిని వేరుచేసి, అరుదైన వాటిని ఆ రకమును ప్రత్యేకముగా కొనువారికి పంపును. ఒక్కొక్క నాణెము ఈ విధముగా మూడు నాలుగు చేతులు మారిన తరువాత గాని నిలకడగా ఒక పెట్టెలో స్థిరపడదు.

మూడవ దారి సేకర్త ఇల్లు, వేలముపాట, లేక ప్రదర్శనశాల. ఈ దారిన పోయిన వాటి జాడ మాత్రమే మనకు దొరకు అవకాశమున్నది.

అమ్మినవారు వచ్చి అడిగినపుడు వర్తకుడు సాధారణముగా పెదవి విప్పడు. దీనికి అతనిని తప్పు పట్టరాదు. కొన్నవాని పేరు బయటపెట్టినచో దొంగల భయము ఉన్నది. ఇంటిలో విలువైన సొత్తు ఉన్నదని ఊరికి చాటించుకొనుట ఎవరికిని ఇష్టముండదు. కొన్న ధరకు, అమ్మిన ధరకు గల భేదము తెలిసినచో మొదటివానికి మనస్తాపము కలుగును. కొనువారు, అమ్మువారు నేరుగా కలిసికొన్నచో వర్తకుని పని కూడ తీరిపోవును. ఇవి వ్యాపార ధర్మములోని మాటలే. అయితే ఈ మౌనము వలన నాణెము ఎవరి నుండి వచ్చినదో, ఎక్కడ దొరకినదో అను సమాచారము కూడ అంగడిలోనే సమాధి అగుచున్నది. అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది.

ఒక నాణెమును తిరిగి గుర్తుపట్టుట ఎట్లు?

ఒకే టంకశాలలో, ఒకే సంవత్సరమున, ఒకే అచ్చుతో పడిన నాణెములలో ‘నాది ఇదియే’ అని గుర్తుపట్టుట సాధ్యమా అను సందేహము కలుగును. సాధ్యమే. పూర్వకాలపు నాణెములు చేతితో కొట్టబడినవి. లోహపు బిళ్ల కంటె అచ్చు పెద్దదిగా ఉండుటచే అక్షరములలో కొంత భాగమే బిళ్ల మీద పడును. ఒకదానిపై రాజు పేరు పూర్తిగా పడి సంవత్సరము తప్పిపోవును. మరొకదానిపై సంవత్సరము పడి పేరు సగమే కనిపించును. బిళ్ల అంచు గుండ్రముగా ఉండదు. కావున ఏ రెండు నాణెములును అచ్చముగా ఒకే తీరున ఉండవు.

దీనికి తోడు సరాఫులు వేసిన గుర్తులు ఉండును. వెండి నిజమైనదో కాదో పరీక్షించుటకు వారు నాణెము మీద చిన్న ముద్ర కొట్టెడివారు. మొగలుల రూపాయల మీద నక్షత్రము, పువ్వు, చుక్కల వంటి ఇటువంటి గుర్తులు తరచుగా కనిపించును. యంత్రముతో కొట్టిన నాణెముల మీద కూడ ఒక గీత, ఒక నొక్కు, గాలికి పట్టిన ఒక మచ్చ చాలు. దానిని వేయింటిలో గుర్తింపవచ్చును. పాత వేలముపాటల జాబితాలలోని చిత్రములతో నేటి నాణెమును పోల్చి, అది ఎప్పుడు ఎవరి సంపుటములో ఉండినదో పండితులు నిర్ణయించుచున్నారు. ఈ విధముగా తేలిన యజమానుల వరుసను నాణెము యొక్క వంశావళి అనవచ్చును. వంశావళి తెలిసిన నాణెమునకు గౌరవము ఎక్కువ, ధర ఎక్కువ, నకిలీ అను అనుమానము తక్కువ.

ఐదు నికెల్ నాణెముల కథ

వంశావళి విలువను తెలిసికొనుటకు అమెరికా దేశమునందలి ఒక కథ మిక్కిలి ఉపయోగించును. 1913లో ఆ దేశపు ఐదు సెంట్ల నికెల్ నాణెము మీది బొమ్మ మారినది. అంతకుముందున్న స్వేచ్ఛాదేవి తలకు బదులు ఒక వైపు ఆదిమవాసి తల, మరొక వైపు అడవిదున్న వచ్చినవి. కాని ఫిలడెల్ఫియా టంకశాలలో లెక్కకు ఎక్కకుండ, పాత బొమ్మతోనే 1913 సంవత్సరము గల నాణెములు ఐదు తయారయినవి. 1919 డిసెంబరులో, ఆ టంకశాలలో పూర్వము పనిచేసిన శామ్యూల్ బ్రౌన్ అనునతడు అటువంటి నాణెమునకు 500 డాలర్లు ఇచ్చెదనని ఒక పత్రికలో ప్రకటన వేయించినాడు. మరుసటి సంవత్సరము వాటిని తానే చికాగో నగరములో ప్రదర్శించినాడు. కొంతకాలమునకు ఐదును కర్నల్ గ్రీన్ అను ధనికుని చేతికి చేరినవి. 1936లో అతడు మరణించిన తరువాత సెయింట్ లూయిస్ నగరమునకు చెందిన ఎరిక్ న్యూమన్ అను న్యాయవాది, జాన్సన్ అను వర్తకుడు కలిసి ఐదింటిని కొన్నారు. ఆ తరువాత వాటిని వేరువేరుగా అమ్మినారు. ఆనాటి నుండి ఐదు నాణెములకు ఐదు దారులు ఏర్పడినవి.

వాటిలో ఒకటి ఈజిప్టు రాజైన ఫారూక్ సంపుటములో చేరినది. 1952లో ఆ రాజు పదవి కోల్పోగా, 1954లో కైరోలో అతని సంపుటము వేలమునకు వచ్చినది. అచ్చట వర్తకులు కొని నార్వెబ్ దంపతులకు అమ్మినారు. 1978లో ఆ దంపతులు దానిని స్మిత్‌సోనియన్ సంస్థకు దానమిచ్చినారు. మరొకటి 1989లో అమెరికా నాణెశాస్త్ర సంఘపు ప్రదర్శనశాలకు దానముగా వెళ్లినది. ఇంకొకటి 1996లో వేలములో పది లక్షల డాలర్లకు మించి పలికి, ఆ మొత్తమును దాటిన మొట్టమొదటి నాణెముగా ప్రసిద్ధికెక్కినది.

మనకు ముఖ్యమైనది జార్జి వాల్టన్ అను సేకర్త కొన్న నాణెము. 1962 మార్చి 9న అతడు ఒక నాణెముల ప్రదర్శనకు పోవుచు కారు ప్రమాదములో మరణించినాడు. శిథిలములలో నాణెము దొరకినది. కాని దానిని పరీక్షించిన అప్పటి నిపుణులు సంవత్సరము దిద్దిన నకిలీ అని చెప్పి వారసులకు తిరిగి ఇచ్చినారు. అతని సోదరి దానిని పారవేయలేదు. ఒక కవరులో పెట్టి ఇంటిలో అలమారలో దాచినది. నలుబది ఏండ్లకు పైగా లోకము “ఐదవ నాణెము ఏమయినది?” అని అడుగుచునే ఉన్నది, అది మాత్రము ఆ అలమారలోనే ఉన్నది. 2003లో మిగిలిన నాలుగు నాణెములను ఒకే చోట ప్రదర్శింప తలపెట్టినపుడు, ఐదవదానిని తెచ్చినవారికి బహుమానము ఇత్తుమను ప్రకటన వెలువడినది. అది చూచి వారసులు తమ ‘నకిలీ’ నాణెమును బాల్టిమోరు నగరమునకు తెచ్చినారు. ఆరుగురు నిపుణులు దానిని మిగిలిన నాలుగింటితో పోల్చి చూచి నిజమైనదే అని తేల్చినారు. 2013లో అది 31 లక్షల డాలర్లకు పైగా వెలకు అమ్ముడుపోయినది.

ఇందులో రెండు పాఠములున్నవి. నిపుణుని నోటి నుండి వచ్చిన ఒక్క తప్పు మాట వంశావళిని నలుబది ఏండ్లు తెగగొట్టినది. పోల్చి చూచుటకు మిగిలిన నాలుగింటి జాడ తెలిసియుండుట చేతనే ఆ తెగిన దారము తిరిగి ముడిపడినది. ఐదింటిని కొన్న ఇద్దరిలో ఒకడైన ఎరిక్ న్యూమన్ 2017లో 106వ ఏట మరణించినాడు. అతని పేర, అతని ధర్మనిధి సహాయముతో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయము పాత వేలముపాటల జాబితాలను, నాణెశాస్త్ర గ్రంథములను వేలకొలదిగా కంప్యూటరులోనికి ఎక్కించి ఎల్లరకు ఉచితముగా అందుబాటులో ఉంచినది. అమ్మిన నాణెము జాడ వెదకువారికి ఇంతకంటె గొప్ప ఉపకారము లేదు.

చట్టము కూడ వెంట నడచును

ఫారూక్ రాజు సంపుటములోనే మరొక నాణెము ఉండినది. అది 1933లో అమెరికాలో పడిన ఇరువది డాలర్ల బంగారు నాణెము. ఆ సంవత్సరము 4,45,500 నాణెములు కొట్టినారు గాని, అధ్యక్షుడు రూజ్‌వెల్టు బంగారు చెలామణిని నిలిపివేయుటచే అవి ప్రజలకు విడుదల కాలేదు; తరువాత కరిగింపబడినవి. కొన్ని మాత్రము దొంగతనముగా టంకశాల గోడ దాటినవి. వాటిలో ఒకదానిని 1944లో ఎగుమతి అనుమతి పొంది ఈజిప్టుకు తీసికొనిపోయినారు. 1954 నాటి కైరో వేలములో అమెరికా ప్రభుత్వపు కోరికపై దానిని పాట నుండి తొలగించినారు. ఆ తరువాత అది మాయమయినది. 1996లో న్యూయార్కులో ఒక బ్రిటిష్ వర్తకుడు దానిని అమ్మబోవుచుండగా అధికారులు పట్టుకొన్నారు. 2001లో రాజీ కుదిరి, 2002లో వేలమున 75 లక్షల డాలర్లకు పైగా, 2021లో 188 లక్షల డాలర్లకు పైగా పలికినది. ఎగుమతి అనుమతి కాగితము ఒకటి ఉండుట వలననే ఆ నాణెము చట్టబద్ధమయినది. అట్టి కాగితము లేని అవే నాణెములు పది, ఫిలడెల్ఫియాలోని ఒక వర్తకుని కుటుంబము వద్ద బయటపడగా, ప్రభుత్వము వాటిని తిరిగి ఇయ్యలేదు. న్యాయస్థానములు కూడ ప్రభుత్వపు పక్షముననే తీర్పు చెప్పినవి. లోహము ఒకటే, అచ్చు ఒకటే, సంవత్సరము ఒకటే. ఒకదానికి చరిత్ర ఉన్నది, పదింటికి లేదు. భేదమంతయు అదియే.

మన పెద్ద మొహరులు

పరదేశపు కథలు చెప్పుకొన్నాము. మన దేశములో జాడ తెలియని నాణెములకు కొదువ లేదు. జహంగీరు చక్రవర్తి 1613లో ఆగ్రా టంకశాలలో వేయి తులముల బంగారు మొహరు వేయించినాడు. దాని బరువు దాదాపు 12 కిలోలు. అడ్డుకొలత సుమారు 20 సెంటీమీటర్లు. అంగడిలో మార్చుటకు వేసినది కాదు, రాజబహుమానమునకై వేసినది. అది కాలక్రమమున హైదరాబాదు నిజాముల ఖజానాకు చేరినది. 1987 నవంబరులో జెనీవా నగరమున వేలమునకు వచ్చినది గాని అమ్ముడుపోలేదు. ఆ పిమ్మట అది ఎక్కడ ఉన్నదో లోకమునకు తెలియదు. మన దేశపు దర్యాప్తు సంస్థ విచారణ జరిపినను జాడ దొరకలేదు. ముప్పది అయిదు ఏండ్ల తరువాత, 2022లో, ఆ అన్వేషణ మరల వార్తలకు ఎక్కినది.

షాజహాను వేయించిన రెండువందల మొహరుల నాణెము గతి ఇంకను విచారకరము. పందొమ్మిదవ శతాబ్దిలో అది పాట్నాలో కనిపించినది. తరువాత ఏమయినదో తెలియదు. దాని నుండి తీసిన అచ్చు మాత్రము లండనులోని బ్రిటిష్ మ్యూజియములో మిగిలియున్నది. ఎవరో ఒకరు ముందుచూపుతో అచ్చు తీయుట చేత అటువంటి నాణెము ఒకటి ఉండెనని నేడు మనము చెప్పగలుగుచున్నాము. నాణెము పోయినను దాని నీడ మిగిలినది.

దొరకిన చోటు పోయినచో

అమ్మినవారి కుతూహలము “ఎక్కడికి పోయినది?” అని ముందుకు చూచును. చరిత్రకారుని కుతూహలము “ఎక్కడి నుండి వచ్చినది?” అని వెనుకకు చూచును. రెండును ఒకే దారము యొక్క రెండు కొసలు.

జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున కోటిలింగాల అను గ్రామము కలదు. 1970ల చివర అచ్చట నేల మీద ఏరిన చిన్న చిన్న నాణెములను పి.వి. పరబ్రహ్మశాస్త్రి మొదలగు పండితులు పరిశీలించినారు. వాటిపై గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అను పేర్లు బయటపడినవి. పురాణములలో శాతవాహన వంశమునకు మూలపురుషునిగా చెప్పబడిన సిముకుని నాణెములు, చిముక అను పేరుతో, అచ్చటనే లభించినవి. శాతవాహనుల తొలి చరిత్రకును తెలంగాణమునకును గల సంబంధమును గూర్చిన చర్చయంతయు ఈ నాణెముల దొరకిన చోటు మీద ఆధారపడి ఉన్నది. ఇవే నాణెములు పేరు, ఊరు లేక ఏ మహానగరపు అంగడిలోనో కనిపించియుండినచో, అవి తెలియని చిన్న రాజులవిగా ఒక పళ్లెములో పడియుండెడివి. నాణెము అదియే, కాని చరిత్ర చెప్పు నోరు మూతపడియుండెడిది.

1906లో నాసిక్ జిల్లాలోని జోగల్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణెములు ఒకే నిధిగా దొరకినవి. అవి క్షహరాట రాజైన నహపానునివి. వాటిలో 9,000కు పైగా నాణెముల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులను తిరిగి ముద్రించినాడు. ఓడినవాని ముఖముపై గెలిచినవాని ముద్ర! ఒకటి రెండు నాణెములు మాత్రమే దొరకియుండినచో అది ఏదో యాదృచ్ఛికము అనుకొందుము. నిధి మొత్తము కలిసియుండుట చేతనే విజేత పద్ధతి ప్రకారము పాత నాణెములను మరల చెలామణిలో పెట్టినాడని స్పష్టమయినది. ఆ నిధి చెదరి నూరు అంగళ్లకు చేరియుండినచో ఈ సాక్ష్యము బలము తగ్గియుండెడిది.

చెదరిన నిధికి ఉదాహరణ బయానా. 1946 ఫిబ్రవరిలో భరత్‌పూరు ప్రాంతమున ఒక రాగి పాత్రలో గుప్తుల బంగారు నాణెములు బయటపడినవి. వార్త అధికారులకు చేరులోపల గ్రామస్థులు కొన్నింటిని కరిగించినారు. మిగిలిన 1,821 నాణెములను అల్తేకర్ పండితుడు వర్ణించి 1954లో జాబితా ప్రకటించినాడు. వాటిలో రెండవ చంద్రగుప్తుని ‘చక్రవిక్రమ’ నాణెము ఉన్నది. ఆ నిధిలో అది ఒక్కటే. కరిగిపోయిన వాటిలో అటువంటివి ఎన్ని ఉండినవో ఎవరు చెప్పగలరు? వాటికి వచ్చిన బంగారపు ధర ఖర్చయిపోయినది. వాటితో పోయిన చరిత్రకు ధర కట్టలేము.

ఈ కారణము చేతనే నేలలో దొరకిన నిధి విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి చట్టము విధించినది. నూరేండ్లు దాటిన పురావస్తువులను ప్రభుత్వపు అనుమతి లేక దేశము దాటించుట, లైసెన్సు లేక వాటి వ్యాపారము చేయుట నేరమని 1972 నాటి చట్టము చెప్పుచున్నది. అది 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోనికి వచ్చినది.

మన ఇండ్లలోని నాణెములు

మన కళాశాలలో ఉర్దూ చదువువారు, తెలుగు చదువువారు ఒకే కప్పు క్రింద కూర్చుందురు. నాణెములు కూడ ఈ రెండు భాషలను ఒకే బిళ్ల మీద కూర్చోబెట్టినవి. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో చెన్నపట్టణపు టంకశాల వేసిన పావు వరహా వెండి నాణెము మీద ఒక వైపు ఆంగ్లము, పారశీకము, రెండవ వైపు తమిళము, తెలుగు కనిపించును. హైదరాబాదు సంస్థానపు కరెన్సీ నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులు ఉండెడివి.

నిజాము రూపాయిని చేతిలోనికి తీసికొని చూడుడు. ఒక వైపు చార్మినారు ఉండును. దాని ద్వారములో ఒక అక్షరము కనిపించును: ‘మీమ్’ ఉన్నచో అది మహబూబ్ అలీఖాను కాలపుది, ‘ఐన్’ ఉన్నచో ఉస్మాన్ అలీఖాను కాలపుది. పైన కనిపించు 92 అను అంకె అబ్జద్ లెక్కలో ప్రవక్త నామమునకు సరిపోవును. రెండవ వైపు టంకశాల పేరు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అని, అనగా శుభమైన పునాది గల హైదరాబాదు అని, ఉండును. ఉర్దూ విద్యార్థి దానిని చదివి చెప్పగా, తెలుగు విద్యార్థి తన తాత నోట విన్న హాలీ సిక్కా లెక్కలను, అణా, పైసల పద్ధతిని చెప్పవచ్చును. ఇద్దరును కలిసినపుడే ఆ నాణెము పూర్తిగా మాటలాడును. ఒక్కరే అమ్మివేసినచో తూకపు బరువే మిగులును.

విద్యార్థులు చేయదగిన పని

అమ్మవద్దని మనము ఎవరికిని చెప్పలేము. అవసరము పెద్దది, ఇంటి కష్టము ఇంటివారికే తెలియును. వర్తకుడు శత్రువు కూడ కాడు. అనేక పర్యాయములు నాణెమును మూస నుండి తప్పించినవాడు అతడే. దాని అరుదైన విలువను మొదట గుర్తించినవాడు అతడే. కాని అమ్ముటకు ముందు చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. వాటికి ఖర్చు లేదు.

మొదట ఒక నోటుపుస్తకములో ప్రతి నాణెమునకు ఒక పుట కేటాయింపవలెను. బరువు, అడ్డుకొలత, లోహము, రెండు వైపులా కనిపించు అక్షరములు, గీతలు, నొక్కులు వ్రాయవలెను. రెండు వైపులను స్పష్టముగా ఛాయాచిత్రము తీయవలెను. తరువాత అది ఇంటికి ఎట్లు వచ్చినదో పెద్దలను అడిగి వ్రాయవలెను. నానమ్మ పుట్టింటి నుండి తెచ్చినదా, పొలము దున్నునపుడు దొరకినదా, జీతముగా వచ్చినదా? ఈ మాటలు పెద్దలతో పాటు పోవు మాటలు. నాణెము కంటె ముందు అవియే కరిగిపోవును. అమ్మినపుడు తేదీ, ధర, వర్తకుని పేరు వ్రాసికొనవలెను. నాణెముతో పాటు ఒక చిన్న చీటీ మీద దాని పుట్టుపూర్వోత్తరములు వ్రాసి ఇచ్చి, కొన్నవారికి అందజేయుమని వర్తకుని కోరవలెను. ఐరోపాలోని పాత సేకర్తలు నాణెము క్రింద గుండ్రని కాగితపు బిళ్లపై ఇట్టి వివరములు వ్రాసిపెట్టెడివారు. నేడు ఆ కాగితములే వంశావళికి ఆధారములు. కొన్నవాని పేరు మనకు తెలియనక్కరలేదు. మన మాట అతనికి చేరిన చాలును. వర్తకుని రహస్యమునకు భంగము లేదు. నాణెము చరిత్రకు లోటు లేదు.

నాణెమును చింతపండుతోను, బూడిదతోను తోమరాదు. నూరేండ్ల గాలి దానిపై పట్టించిన పొరయే దాని వయసునకు సాక్షి; తోమిన నాణెమునకు అంగడిలో ధర కూడ తగ్గును. ఇక నేలలో దొరకినదానిని అమ్మనే రాదు. దానిని కలెక్టరుకు తెలియజేయుట చట్టము, ధర్మము కూడ.

అమ్మిన నాణెము ఎక్కడ ఉన్నదో అని కలుగు కుతూహలమును వట్టి మమకారముగా కొట్టివేయరాదు. ఆ వస్తువునకు తనకంటె పెద్ద జీవితము ఉన్నదని యజమాని గ్రహించుటయే ఆ కుతూహలము. శాతకర్ణి ముద్ర పడిన నహపానుని నాణెము కాని, అలమారలో నలుబది ఏండ్లు నిద్రించిన నికెల్ బిళ్ల కాని, జెనీవా వరకు పోయి కనుమరుగైన జహంగీరు మొహరు కాని చెప్పునది ఒకటే. నాణెము మన వద్ద ఉండునది కొద్దికాలము. ఆ కొద్దికాలములో మనము చూచినది, విన్నది వ్రాసి దానితో పంపినచో, అది ఏ దేశమున ఏ చేతిలో ఉన్నను మన ఊరి పేరు చెప్పుచునే ఉండును.